తొక్కించిన పండ్లు

కామాక్షమ్మ నోటికి జువ్వలదిన్నె చుట్టుపక్కల పెద్ద పేరు. చేపల గంపలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, వాళ్ళ నోళ్ళేమీ తక్కువవి కావు, వాళ్ళు కూడా ఆమె కాపలా కాసే తోట పక్కన నడిచేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళు. అది ముంతమామిడి తోట, జీడిమామిడి అన్నా అదే. సముద్రానికి అరమైలు ఇవతల, తెల్లటి ఇసుకదిబ్బల మీద, కొమ్మలు నేలకు ఆనించుకుని పరుచుకున్న చెట్లు రెండు వందలకు పైచిలుకు.

ఆమె పుట్టిందీ మెట్టిందీ లోపలి పల్లెల్లో, వరి పండే రైతుల ఇళ్ళల్లో. మొగుడు పోయాక మాగాణి దాయాదుల చేతికి పోయింది. ఉన్న ఒక్క కూతురూ పురిట్లో పోయింది. ఆ కూతురు కనిపోయిన పసిగుడ్డు చెంచులక్ష్మిని చంకన వేసుకుని సముద్రం వైపు వచ్చింది. వరసకు తమ్ముడయ్యే పద్మనాభయ్య ఆ తోటను గుత్తకు తీసుకుని, ఆమెకు ఒక తాటాకు గుడిసె చూపించి, కాపలా అప్పజెప్పాడు. అన్నీ పోయినా రైతుబిడ్డనన్న గర్వం మాత్రం వెంట తెచ్చుకుంది. దాన్ని లాక్కునే దాయాది పుట్టలేదు మరి.

ముంతమామిడిలో విలువంతా గింజది. పండు కొసన వేలాడే ఆ గింజను మెలిపెట్టి తీసుకుని, ఎర్రగా, పచ్చగా నిగనిగలాడే పండును అక్కడే పారేస్తారు. పారేస్తే ఊరుకోవచ్చు గదా. పద్మనాభయ్య ఊరుకోలేదు.

"అక్కా, పండు పేరు చెప్పి గింజలు గూడా ఒళ్ళో వేసుకుంటారు వీళ్ళు. సారా కాసేటోళ్ళు వచ్చి పండ్లెత్తుకపోతే పోలీసులు నా మింద పడతారు. గింజ తీసినాక పండును ఇసకలో తొక్కించెయ్."

ఆమె ఆ పనిని మనవరాలికి అప్పజెప్పింది. ఏడేళ్ళ పిల్లకు అదొక ఆట. పొద్దున్నే కూలి ఆడవాళ్ళు గింజ తీసి పారేసిన కుప్పల మీద ఎక్కి, పావడా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, చిటపటమని తొక్కేది. రసం మడమల మీదుగా కారి ఇసుకలోకి ఇంకిపోయేది.

"అవ్వా, వాసన బాగుండాది. ఒకటి తిననా?" అని మొదట్లో ఒకసారి అడిగింది పిల్ల.

"దిక్కులేనోళ్ళు తినే పండు మనకెందుకు? గొంతు పట్టుకుంటది. ముందే నీకు దగ్గు" అంది కామాక్షమ్మ.

అది పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం. ఆ చలికాలం నుంచి చెంచులక్ష్మికి దగ్గు వదల్లేదు. గాలి మారితే జలుబు, జలుబు తగ్గకముందే జ్వరం. కామాక్షమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే, పత్యం. పులుపు తగలనివ్వలేదు. పచ్చిది ముట్టనివ్వలేదు. మజ్జిగ మానిపించింది, చారులో నిమ్మకాయ మానిపించింది, పండన్న మాట ఇంట్లో పలకనివ్వలేదు. పొద్దున రాగి సంకటి, రాత్రి అన్నం, రెండు పూటలా కాల్చిన ఎండుచేప. అంత గట్టిగా పత్యం చేయించే ఆడది ఆ దిక్కున మరొకతె లేదని పదిమందితో చెప్పుకుంది కూడా. పిల్ల చిక్కిపోతుంటే పత్యం చాలలేదనుకుని ఇంకాస్త బిగించింది.

మార్చి నెలలో ఒక పొద్దున, గింజలు తీసే కూలీల్లో ఎలిశబెతు అనే ఆమె పొత్తికడుపు దగ్గర చీర ఎత్తుగా కనబడింది కామాక్షమ్మకు. ఎలిశబెతుది తోట అవతలి కూలీల పాలెంలో చర్చి పక్క ఇల్లు. పనిమంతురాలు, మాట తక్కువ.

"ఏందమ్మే ఎలిశబెతూ, నిన్న లేని కడుపు ఇప్పుడెట్ట వచ్చింది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఎలిశబెతు నవ్వలేదు. "పండ్లమ్మా. గింజల్లేవు. మా బిడ్డ జొరం పడి లేచింది. నోటికేమీ సయించడం లేదంటే, ఉప్పేసి ఇద్దామని."

"ఒడి ఇప్పు."

"ఇరవై మందిలోనా అమ్మా?"

"ఇరవై మందిలోనే దాచినావు గదా. ఇప్పు."

ఎలిశబెతు ఒడి విప్పింది. నాలుగు పండ్లు ఇసుకలో పడ్డాయి. ఒక్క గింజ కూడా లేదు. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ తప్పని తెలిశాక తగ్గడం కామాక్షమ్మకు చేతకాలేదు. "చెంచులా, తొక్కు" అంది మనవరాలితో. పిల్ల ఎలిశబెతు ముఖంలోకి ఒకసారి చూసి, నాలుగు పండ్లనూ ఒక్కొక్కటే తొక్కింది.

మర్నాటి నుంచి ఎలిశబెతు పనికి రాలేదు.

మే నెల వచ్చేసరికి చెంచులక్ష్మి పళ్ళచిగుళ్ళు ఉబ్బి, వేపపుల్ల తగిలితే నెత్తురు కారేది. కాలికి గీరుకున్న ముల్లు గాయం నెలైనా మానలేదు. ఎక్కడ చెయ్యి వేసినా కమిలినట్టు నల్లటి మచ్చ. పెరట్లో కోడిపెట్టను తరమలేక కూర్చుండిపోయేది. చివరికి ఒక శుక్రవారం కామాక్షమ్మ పిల్లను భుజాన వేసుకుని పాలేనికి బయలుదేరింది. శుక్రవారాల్లో చర్చి వసారాలో నవోమి అనే నర్సు మందులిచ్చేది. నెల్లూరులో పని నేర్చుకుని వచ్చిన మనిషి. మెత్తగా మాట్లాడుతుంది గాని ఒక్క ప్రశ్న కూడా వదలదు.

నవోమి పిల్ల పెదవి ఎత్తి చూసింది. కాళ్ళ మీద మచ్చలు నొక్కి చూసింది. "ఏం పెడతుండావు పెద్దమ్మా బిడ్డకు?"

కామాక్షమ్మ గర్వంగానే చెప్పింది. సంకటి, అన్నం, ఎండుచేప.

"ఆకుకూర?"

"వాతం చేస్తదని మాన్పించినా."

"నిమ్మకాయ, చింతకాయ?"

"దగ్గుండాది గదమ్మా."

"పండ్లు?"

"పత్యంలో పండెవురు పెడతారు?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుష్యమాసం నుంచి."

నవోమి వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే కామాక్షమ్మ నాలుగు మాటలు తిరిగి అని తేలిగ్గా బయటపడేది.

"పెద్దమ్మా, రోగంతో పోట్లాడే సత్తువ మన ఒంట్లోనే ఉంటది. దానికి ఊతం కావాల. పుల్లటి పండ్లలో ఆ ఊతం ఉంటది. అది బొత్తిగా అందకపోతే చిగుళ్ళు ఇట్ట వాస్తాయి, గాయం మానదు, వచ్చిన జలుబు పోదు. పండు తిన్నోళ్ళకు రోగాలే రావని చెప్పను. వచ్చినా ఒళ్ళు తట్టుకుంటది. ఈ మాత్రలు వెయ్యి. నిమ్మకాయ, జామకాయ, ఏది దొరికితే అది పెట్టు. మునగాకు వండు. వారంలో తేరుకోకపోతే కావలి ఆసుపత్రికి పోదాం, నేనూ వస్తా."

"ఈ ఎండాకాలంలో ఈ ఇసకలో జామకాయలు యాడ తేవాల?"

నవోమి ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు ముంతమామిడి తోటలో గదా ఉండేది? ఆ పండు చాలు. జామకాయను మించిన పండది. ఈ పాలెం బిడ్డలు చూడు, తిండి లేకపోయినా చిగుళ్ళు గట్టిగుండాయి. ఎండాకాలమంతా అదే తింటారు."

వసారా అవతల ఆ బిడ్డలు ఎండలో కేకలేస్తూ పరుగెత్తుతున్నారు. కామాక్షమ్మ భుజం మీద తల వాల్చిన చెంచులక్ష్మి వాళ్ళను చూస్తున్నది. పిల్ల బరువు కాకిపిల్లంత కూడా లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

తోటకు తిరిగి వచ్చి పిల్లను నులకమంచం మీద పడుకోబెట్టి, చెట్టు చెట్టుకూ తిరిగింది. కాపు అయిపోయి పది రోజులైంది. కొమ్మలెత్తి చూసింది. ఆకులు దులిపింది. ఎక్కడా ఒక్క పండు లేదు. కింద మాత్రం ఎక్కడ చూసినా పండ్లే, ఇసుకలో కూరుకుపోయి, నల్లబడి, పులిసి, ఈగలు ముసిరిన పండ్లు. వాటి మీద చిన్న చిన్న మడమల గుంటలు. ఒక గుంట ముందు చతికిలబడి అందులో వేళ్ళు పెట్టి చూసుకుంది. చిన్న పాదం. మూడు నెలలుగా తన కళ్ళ ముందు, తాను చెప్పగా చెప్పగా, ఆ పాదం తన మందును తానే తొక్కుకుంది. దిక్కులేనోళ్ళు తినే పండని గదా తాను అన్నది.

ఆ సాయంత్రమే ఎలిశబెతు ఇంటికి పోయింది. ఆ ఇంటి వెనక ఒక ముంతమామిడి చెట్టు ఉందనీ, అది ఆలస్యంగా కాస్తుందనీ కూలీలు చెప్పుకోగా విన్నది. పాలెంలో ఒక గడప ముందు నిలబడి అడగడం ఆమె పుట్టాక అదే మొదలు. ఎలిశబెతు చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. లేవలేదు.

"ఏమ్మా ఇట్ట వచ్చినారు? ఒళ్ళో ఏమన్నా ఉండాదేమోనని చూసి పోతారా?"

"నాలుగు పండ్లు కావాల" అంది కామాక్షమ్మ.

"పండ్లా. తోటంతా నేలకే పెట్టినారు గదమ్మా. నేలనే అడగండి."

ఆ మాటకు కామాక్షమ్మ దగ్గర జవాబుంది. ఎవరి మాటకైనా ఆమె దగ్గర జవాబు ఉంటుంది. ఈసారి అది నాలిక దాకా వచ్చి ఆగిపోయింది. గడప పక్క గుంజను పట్టుకుని నిలబడింది.

"బిడ్డ నోట్లో నెత్తురు కారతా ఉండాది. నర్సమ్మ ఈ పండు పెట్టమంది. నేను తొక్కిచ్చేసినా."

ఎలిశబెతు చేయి చేటలో ఆగింది. లేచి పెరట్లోకి పోయి, చీర కొంగులో ఏడెనిమిది పండ్లతో వచ్చింది. "గింజ తీసెయ్యండి. గింజ జీడి పెదవికి తగిలితే పొక్కుతుంది. పండును చక్రాలుగా కోసి ఉప్పు రుద్ది, కాసేపుంచి కడగండి. గొంతు పట్టుకోదు. చిగుళ్ళు మండతాయి, ఏడుస్తుంది. అయినా కొద్దికొద్దిగా పెట్టండి. చెట్టున ఇంకా ఉండాయి. రోజూ రాండి."

కామాక్షమ్మ పండ్లు అందుకోవడానికి ఒడి పట్టింది. పట్టాక ఆ ఒడిని చూసుకుంది.

"ఇరవై మందిలో నీ ఒడి ఇప్పించినాను."

"ఇప్పించినారు" అంది ఎలిశబెతు. "పొద్దు పోతుండాది. పొండి."

అంతే. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. కామాక్షమ్మకూ అడిగే మొహం లేదు.

చెంచులక్ష్మి మొదటి ముక్కకే ఏడ్చింది. రెండో రోజు ఏడుస్తూ తిన్నది. నాలుగో రోజు తనే అడిగింది. మాత్రలు వేస్తూ, మునగాకు వండి పెడుతూ, పద్మనాభయ్య చేత నిమ్మకాయలు తెప్పిస్తూ కామాక్షమ్మ రోజూ పాలేనికి నడిచింది. వారానికి చిగుళ్ళ నెత్తురు తగ్గింది. నెల తిరిగేసరికి ముల్లు గాయం పక్కు కట్టింది. వానల్లో ఒకసారి జ్వరం తగిలినా మూడు రోజుల్లో లేచి కూర్చుంది. ఇదంతా ఆ పండు వల్లేనా అని కామాక్షమ్మ నవోమిని అడిగితే, "పండు వల్లా, ఆకుకూర వల్లా, నువ్వు పత్యం మానినందువల్లా" అంది ఆమె నవ్వుతూ. కామాక్షమ్మ నవ్వలేకపోయింది.

ఒకనాడు తలకు నూనె పెడుతుంటే పిల్ల అడిగింది. "అవ్వా, అన్ని పండ్లు తొక్కినా గదా. అందుకేనా నాకు జబ్బు జేసింది? పండుకు కోపమొచ్చిందా?"

కామాక్షమ్మ నూనె గిన్నె పక్కన పెట్టింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఆ మాట లోపల పెట్టుకుని మందు మింగిందన్నమాట.

"నువ్వేం జెయ్యలేదు" అంది. "తొక్కమన్నది నేను. తొక్కమన్నోళ్ళదే తప్పు."

"అయితే నీకు జబ్బు రాలేదే?"

కామాక్షమ్మ జడ గట్టిగా లాగి అల్లింది.

మాఘమాసంలో చెట్లు మళ్ళీ పూతకొచ్చాయి. గింజలు పట్టే ముందు పద్మనాభయ్య వచ్చి కూలీల సంగతి మాట్లాడుతుంటే కామాక్షమ్మ మధ్యలో ఆపింది.

"పండ్లు తొక్కించేది నావల్ల కాదు. గింజ లెక్క నేను చూసుకుంటా. పండు బిడ్డలుండే ఇళ్ళకు పోవాల."

"సారా కాసేటోళ్ళు?"

"వాళ్ళొస్తే నా నోరుండాది గదా."

"పోలీసులు?"

"వాళ్ళకూ అదే నోరు. వద్దంటే వేరే మనిషిని పెట్టుకో తమ్ముడా, నేను పోతా."

ఆ నోటికి సరిపోయే కాపలా మనిషి ఆ సముద్రతీరం పొడుగునా దొరకడని పద్మనాభయ్యకు తెలుసు. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కామాక్షమ్మ మరునాడే ఎలిశబెతును పనికి పిలిచి, పండ్లు పంచే పని ఆమెకే అప్పజెప్పింది. ఎలిశబెతు వచ్చింది. పని చేసింది. పనికి కావలసిన మాటలే మాట్లాడింది.

మొదటి కోత రోజు ఆడవాళ్ళు గింజ తీసిన పండ్లను గంపల్లోకి వేస్తుంటే, ఒక ఎర్రటి పండు జారి దొర్లి చెంచులక్ష్మి కాళ్ళ దగ్గర ఆగింది. పిల్ల ఎవరి వైపూ చూడలేదు. ఏదో ఆలోచిస్తూనే, పోయినేటి అలవాటు కొద్దీ పావడా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, మడమ పైకెత్తింది.

కామాక్షమ్మ పరుగున వచ్చి వంగి, పండు మీద తన చెయ్యి పెట్టింది. మడమ చేతి మీద పడింది. ఏడాది కిందటి కంటే బరువైన మడమ. పిల్ల ఉలిక్కిపడి కాలు తీయబోయింది.

"ఉండనియ్" అంది కామాక్షమ్మ, తల ఎత్తకుండా. "కాసేపు ఉండనియ్యి."

గంప దగ్గర ఎలిశబెతు అంతా చూస్తూనే ఉంది. చేతిలో పండు గింజ మెలిపెట్టి తీసి, మళ్ళీ పనిలో పడింది.