పక్క చేను ఎవరిది?

మొన్న పుంగనూరులో బస్సు ఆగగానే ఉడికిన వేరుశెనక్కాయల వాసన కిటికీలోంచి గుప్పుమంది. రెడ్డెప్ప సారు గుర్తొచ్చారు, ఆ వెనకే నా పాత కడుపుమంటా గుర్తొచ్చింది. మదనపల్లె ఇంజనీరింగ్ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి, ఆయన సమాజశాస్త్రం చెప్పేవారు. ఇంజనీర్లకు ఆ క్లాసెందుకని స్టాఫ్ రూములో ఎగతాళి చేసినవాళ్ళలో నేనే ముందు. అయినా సాయంత్రమైతే నా విద్యార్థులే ఆయన బల్ల చుట్టూ మూగి, కాయలు ఒలుచుకుంటూ నవ్వుతుండేవాళ్ళు. నా ల్యాబు బోసిపోయి ఉండేది.

ఒక ఏడాది కుప్పం అవతల రామకుప్పం పల్లెల్లో రాగి చేలమీద ఏనుగులు పడుతుంటే, మా పిల్లలతో ఒక సైరన్ చేయించి, ఒక చేలో పెట్టించాను. ఏనుగు అడుగుల అదురు పసిగట్టి మోగుతుంది. నెల తిరక్కుండానే దాని వైరు పీకేశారు. నేను పోయి బిగించి వచ్చాను. మళ్ళీ పీకేశారు. మేం మళ్ళీ బయల్దేరినప్పుడు పిల్లలు నాకొక మాటైనా చెప్పకుండా రెడ్డెప్ప సారును కూడా బస్సెక్కించుకొచ్చారు. ఆయన సైరన్ వైపు చూడనైనా లేదు. చేను గలామె మునెమ్మ పక్కన గట్టుమీద కూర్చుని, కాయల పొట్లం విప్పి, "పక్క చేను ఎవరిదమ్మా?" అని అడిగారు.

"మా మరిదిది సార్. ఈడ మోగితే ఏనుగులు ఆడికి పోతాండాయి. ఆయప్ప పంటంతా తొక్కేసినాయి. మాతో మాట్లాడేదే మానేసినాడు. ఇంటి మనిషి దూరమైనాక మాకీ పంట యాల?"

"ఈ మాట మా సారుకు చెప్పలేదా?" అన్నాడొక విద్యార్థి.

"ఆ సారు వైర్లు సూసుకోని పోయినాడు నాయనా. నన్నేమీ అడగలేదు."

నేను అక్కడే నిలబడి ఉన్నాను.

తర్వాత ఊరంతా కూర్చుని మాట్లాడుకుని, చేలన్నిటికీ కలిపి అడవి అంచున సైరన్లు పెట్టించుకున్నారు. అవి నిలిచాయి. రిపోర్టు నేను రాశాను. అందులో రెడ్డెప్ప సారు పేరు లేదు. మరిచిపోయి కాదు. ఆయన ఆసాంతం చదివి, "బాగా రాసినావప్పా. మునెమ్మ పేరు లేదే, అది చేర్చు" అన్నారు. తన పేరు అడిగి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆమె పేరు చేర్చాను. ఆయన పేరు చేర్చలేదు. ఆయన రిటైరై వెళ్ళేరోజు దండ వేసినవాణ్ణీ నేనే.

ఇప్పుడు ఏ పల్లెకు పోయినా పరికరాల పెట్టె విప్పకముందే గట్టుమీద కూర్చుని ఆ ప్రశ్నే అడుగుతాను. "ఇలా అడగాలని మీకెట్లా తట్టింది సార్?" అంటారు వెంటవచ్చిన కుర్ర లెక్చరర్లు.

"అనుభవం" అంటాను.