ఎడమ బుగ్గన పెట్టిన చుక్క

దయ్యాలూ, గాలీ ధూళీ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మైక్రోబయాలజీ చదివాను. పాపకు జ్వరమొస్తే మా అత్తమ్మ దిష్టి తీస్తుంది, నేను థర్మామీటరు తీస్తాను. ఆ విషయంలో మా ఇద్దరికీ గొడవ లేదు. ఇది ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. పాప పక్క గదిలో నిద్రపోతోంది. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి చూసుకుందామని కూర్చున్నాను.

మా పుట్టింటివాళ్లది పుంగనూరు. పెళ్లయ్యాక మదనపల్లెలో ఉంటున్నాను. ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం తెల్లవారకముందే బస్సెక్కుతారు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ, అత్తమ్మా, పాప సహస్ర. పాపకు అప్పటికి రెండున్నరేళ్లు.

నాకు భయం ఎక్కువ. పాప పుట్టినప్పటి నుంచీ ఉంది. నిద్రలో ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. ద్రాక్షపండును ముక్కలు చేసి గానీ పెట్టేదాన్ని కాదు. బకెట్లో నీళ్లు నిలవ ఉంచనిచ్చేదాన్ని కాదు. "నువ్వొక్కదానివే బిడ్డను కన్నట్టు సేస్తావు కదమ్మా" అని అత్తమ్మ ఎగతాళి చేసేది.

ఆమె పట్టుదలంతా దిష్టి చుక్క మీదే. సగ్గుబియ్యం మాడ్చి తనే చాదు చేస్తుంది. రోజూ స్నానం కాగానే పాప ఎడమ బుగ్గ మీద పెడుతుంది. ఆడపిల్లకు ఎడమవైపే పెట్టాలట. ఆ చాదు కాటుకలా చెదరదు. ఒకసారి ఆరిందంటే తడిగుడ్డతో గట్టిగా రుద్దితే గానీ పోదు. ఈ సంగతి ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ఊరి చివర చెరువు పక్కన చిన్న పార్కు ఉంది. ఒక నడక దారి, పక్షుల బొమ్మలున్న బోర్డులు, ఒక వెదురు పొద, నీళ్ల వైపు ఇనుప కంచె. అంతే. ఒక సాయంత్రం పాపను తీసుకుని వెళ్లాను. వానలు పడి చెరువు నిండుగా ఉంది. గేటు దగ్గర ఉడకేసిన శెనక్కాయలు అమ్మే ఆమె పాప నోట్లో ఒక గింజ పెట్టబోయింది. గొంతుకు అడ్డం పడుతుందని చేయి అడ్డం పెట్టాను.

"అబ్బో, ఈయమ్మకు శానా బయం" అని ఆమె నవ్వింది.

కంచె దగ్గర పాపను నిలబెట్టి ఫోటో తీశాను. పాప నా చేయి విడిపించుకుని వెదురు పొద వెనక్కి పరుగెత్తింది. పెద్ద పొదేమీ కాదు. ఇటు వెళ్లిన పిల్ల అటు నుంచి వచ్చేయాలి. రాలేదు. పొద చుట్టూ తిరిగాను. ఎవరూ లేరు. కంచెలో పిల్ల దూరేంత సందు ఎక్కడా లేదు. పేరు పెట్టి పిలిచాను.

అప్పుడు వెనక నుంచి "అమ్మా" అంది. అంతకుముందు నేను ఫోటో తీసిన చోటే నిలబడి ఉంది. ఏడవలేదు. గౌను కూడా నలగలేదు. ఎత్తుకున్నాను. తలనూనె వాసన, చెమట వాసన, అన్నీ పాపవే.

"యాడికి పోయినావే?" అన్నాను. నా భుజం మీద తల వాల్చింది.

బెంచీ మీద కూర్చోబెట్టి ఇంకో ఫోటో తీశాను. ఎందుకు తీశానో తెలియదు. నాకు ఏడుపు రాలేదు, చేతులు వణకలేదు. ఆటోలో వస్తూ రేపు కూర ఏం చేయాలా అని ఆలోచించాను.

ఇంటికి రాగానే అత్తమ్మ పాప గడ్డం పట్టుకుని చూసింది.

"సుక్క ఈ పక్కకు యాల మార్సినావమ్మా?"

చుక్క కుడి బుగ్గ మీద ఉంది. గుండ్రంగా, ఆరిపోయి, అంచు కూడా చెదరకుండా. ఎడమ బుగ్గ శుభ్రంగా ఉంది. రుద్దిన ఎరుపు కూడా లేదు.

"నేను మార్చలేదత్తా."

"అయితే నేను పెట్టినానా కుడిపక్క? ఇన్నేండ్లొచ్చి నాకు కుడీ ఎడమా తెలీదంటావా?" అని ఆమె అలిగింది.

ఫోను తీసి చూశాను. మొదటి ఫోటోలో చుక్క ఎడమ బుగ్గ మీద ఉంది. రెండో దాంట్లో కుడి బుగ్గ మీద.

శనివారం ఆయన వచ్చి చూసి నవ్వారు. "రెండోది సెల్ఫీ కెమెరాతో తీసుంటావు. దాంట్లో కుడి ఎడమవుతాది. డిగ్రీ సదివినావు, ఇది గూడా తెలీదా నీకు?"

రెండూ వెనక కెమెరాతో తీసినవే. గౌను మీది ఇంగ్లీషు అక్షరాలు రెండింట్లోనూ సరిగ్గానే చదవొచ్చు. అది చూపించాక ఆయన ఫోను నా చేతిలో పెట్టి, "టీ పెట్టుపో" అన్నారు.

పాప మామూలుగానే ఉంది. అదే ముద్దు మాటలు, అదే మొండితనం. పుట్టుమచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి, చూశాను.

మారింది నేనే. ఆ రోజు నుంచి నాకు భయం లేదు. రాత్రి లేచి ఊపిరి చూడడం లేదు. ఒకరోజు పాప మేడ మెట్లు ఒంటరిగా దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మే పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. అన్నం తినిపిస్తాను, తల దువ్వుతాను, ముద్దు పెట్టమంటే పెడతాను. చేతులు వాటి పని అవి చేస్తాయి.

"ఇప్పుడు నిమ్మళంగా ఉండావు" అని ఆయన సంతోషపడుతున్నారు. డాక్టరమ్మకు చూపించుకుంటే, పిల్లల తల్లులకు అలసట వల్ల ఇలా మొద్దుబారినట్టు అవుతుందని మాత్రలు రాసిచ్చింది. నిజమే కావచ్చు. వేసుకుంటున్నాను.

పోయిన వారం పాపను అత్తమ్మకు అప్పగించి ఒక్కదాన్నే ఆ పార్కుకు వెళ్లాను. వెదురు పొద దగ్గరకు వచ్చేసరికి గుండె దడ మొదలైంది. అదే పాత భయం. పిల్ల నీళ్ల దగ్గర ఉంది, పట్టుకో, పట్టుకో అని ఒళ్లంతా అంటోంది. అక్కడ ఎవరూ లేరు. కంచె అవతల నీళ్లు కదలకుండా ఉన్నాయి.

బయటికి వస్తుంటే శెనక్కాయల ఆమె గుర్తుపట్టింది.

"ఏమ్మా, పాప యాడ?"

"ఇంటికాడ ఉండాది" అన్నాను.

అలా అన్నాక అడుగు ముందుకు పడలేదు. ఆటో అతను పిలుస్తున్నా గేటు వైపే చూస్తూ నిలబడిపోయాను. పొద్దు వాలి చెరువు మీది చలిగాలి తగిలింది. పిల్ల ఒంటి మీద స్వెటరు లేదే అనుకున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఇంట్లో ఉన్న పాప కాదు.