ఇంజను ఆపిన ఆటో

లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఫీజులు పెంచినందుకు ఆటోడ్రైవర్లు సమ్మె చేసిన రోజునే నా బి.ఏ. చివరి పరీక్ష. మా వంశంలో అంతవరకు చదివినవాణ్ణి నేనే. నా కాలికున్న కట్టు చూసి, మల్కాజ్‌గిరిలో ఒక డ్రైవరు జాలిపడి ఎక్కించుకున్నాడు. తార్నాకలో సమ్మెదారులు మమ్మల్ని చుట్టుముట్టారు.

"ఏంది భాయ్, నీకొక్కనికే ఫీజు మాఫీ అయిందా?" అంటూ ఒకడు టైరులో గాలి తీయడానికి వంగాడు.

డ్రైవరు ఇంజను ఆపి, తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "గా ఫీజు నేను సుత కట్టలేను. గని ఈ పిలగాని పరీక్ష ఆగదు. నెట్టుకుంట పోత."

ఒంటరిగా నెట్టసాగాడు. కొంతదూరం పోయాక, తాళంచెవి జేబులో వేసుకున్న ఆ మనిషే వచ్చి వెనుక చేయి వేశాడు. యూనివర్సిటీ దాకా ఇద్దరూ ఫీజు తగ్గించాలని నినాదాలిస్తూనే నెట్టారు.

దిగి కిరాయి ఇవ్వబోయాను.

"సమ్మెల కిరాయి తీసుకుంటనా తమ్మీ? గంట కొట్టిన్రు, పో!"