గోడకు ఆరు తూములు

రోహిణి ఎండలో, మృగశిర కార్తెకు వారం ముందు, మా వెనక చెలక తాత పోయారు. "టీచరమ్మా, మామ లేడమ్మా! పొద్దుగాల చాయ్ తాగిండు, గట్లనే ఒరిగిండు" అని ఆయన కోడలు గేటు దగ్గర నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా వెనక గోడ ఇవాళ నిలబడి ఉందన్నా, మా అత్తగారు కాఫీ తాగుతూ నన్ను సాధిస్తున్నారన్నా ఆయన చలవే.

మేం కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లం. విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడాది, కొత్వాల్‌గూడ దగ్గర గుట్ట వాలును తొలిచి వేసిన ప్లాట్లలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక నిలువునా కోసిన మట్టి గట్టు, దాని మీద తాత చెలక, అంటే మెట్ట చేను. గట్టు జారకుండా గోడ కట్టించాం. నీళ్లు కారడానికి మేస్త్రి గోడలో ఆరు తూములు వదిలాడు. మొదటి జల్లుకే వాటిలోంచి ఎర్రమట్టి వచ్చి, గిన్నెలు తోముకునే చోటంతా బురద చేసింది. నాకు చిర్రెత్తుకొచ్చి ఆరింటినీ సిమెంటుతో మూయించేశాను. బడిలో ఎనిమిదో తరగతికి శిలాశైథిల్యం, క్రమక్షయం చెప్పేది నేనే! నల్లబల్ల మీద కొండచరియ బొమ్మ గీయడం వచ్చు గానీ, నా పెరట్లో ఉన్నదీ అదేనని తట్టలేదు.

మర్నాడు తాత గడ్డపారతో వచ్చారు.

"గోడ మాది, మీకెందుకండీ?" అని గయ్యిమన్నాను.

"గోడ నీదే బిడ్డా. వాన ఎవలది?" అంటూ ఆరు తూములూ పొడిచి తెరిచారు. "నీళ్లకు తొవ్వ ఇయ్యాలె. ఇయ్యకుంటె అదే తీసుకుంటది."

పది రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. మొండిదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం కుండపోత వాన. అత్తగారు గోడ పక్క గదిలో కునుకు తీస్తున్నారు. పక్క ప్లాటు వాళ్ల గోడకు తూముల్లేవు. అది దభీమని కూలి, వెనక గట్టంతా జారి వాళ్ల పెరడు నిండిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మా గోడకు మాత్రం ఆరు తూముల్లోంచీ ఎర్రనీళ్లు దూకుతున్నాయి. గోడ కదల్లేదు. తాత గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చి అడిగింది ఒక్కటే: "ముసలమ్మ మంచిగున్నదా?" నేను ముందే చెప్పలేదా అన్న మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. అత్తగారు కాఫీ ఇవ్వబోతే "చాయ్ అయితే తాగుత" అన్నారు. పెద్ద బెట్టు మనిషి!

ఆ ఏడాది నుంచి మా తరగతి పిల్లల్ని ఆయన చెలకకే తీసుకెళ్లేదాన్ని. బండ మీంచి ఉల్లిపొరలా లేచిన పెచ్చు ఊడదీసి చూపించేవారు. "ఎండకు కాగి, వానకు తడిసి గిట్ల ఊడుతది. ఇగ మొరం అయితది, ఆ ఎనక మట్టి అయితది. గుట్టకు తొందర లేదు బిడ్డా, గానీ ఆగదు." పిల్లలు నా పాఠం మరిచిపోయారు, ఆయన మాట మరవలేదు.

ఆయనకో పట్టింపు ఉండేది. మృగశిరను ఇక్కడ మిరుగు అంటారు. ఆ రోజు, విత్తనం జోలికి వెళ్లకముందే, వాలున జారిపోయిన మట్టిని గంపకెత్తి మళ్లీ చెలక పైకొసకు మోసేవారు. మా తూముల కింద చేరినదాన్నీ వదిలేవారు కాదు. "నా మట్టి నాకియ్యి టీచరమ్మా" అంటూ గేటు తీసేవారు.

"వచ్చే వానకు మళ్లీ కిందికే వస్తుంది కదా తాతా?" అన్నానొకసారి.

"వస్తది. మల్ల మోస్త. అది దించుడు బందు పెట్టదు, నేనెందుకు ఎత్తుడు బందు పెట్టాలె?"

మొన్న మిరుగు నాడు పొద్దున్నే జల్లు పడింది. తూముల కింద ఆరు ఎర్రమట్టి కుప్పలు చేరాయి. గేటు చప్పుడు కోసం చాలాసేపు చూశాను. చివరికి ఆయన కోడల్ని అడిగి ఆ గంపే తెచ్చుకుని, మొదటి కుప్ప అందులోకి ఎత్తాను. అత్తగారు ఒక చెయ్యి వేసి నెత్తికెత్తారు. ఆయాసపడుతూ ఎక్కి, చెలక పైకొసన కుమ్మరించి కిందికి చూశాను. ఇంకా ఐదు కుప్పలున్నాయి. గంప దులుపుకుని దిగాను.