గోదావరి దాటిన జెండా

ఎండిన మోదుగపూలు నానిన వాసనొస్తే ఇప్పటికీ నా అరచేతులు చూసుకుంటాను.

మాది నైజాం రాజ్యం. నాన్న దుకాణం కోసం గోదావరి దాటి, బస్తరు సంస్థానంలోని భోపాల్‌పట్నంలో ఉండేవాళ్ళం. స్వతంత్రం వచ్చిన రోజు పక్కింటి లచ్చక్క ఆ పూలరంగుతో జెండా అద్ది, ఆరకముందే నా చేతికిచ్చింది. అరచేతులు కాషాయమయ్యాయి! ఆమె పిల్లలతో కలిసి గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టాను.

"అక్కా, అవతల మా అమ్మమ్మకు గూడ వచ్చిందా?"

"మీ నైజాంల ఇంకా రాలే బిడ్డా."

వరదకు పడవలు ఆగాయి కదా, అందుకే రాలేదనుకున్నాను.

వరద తీయగానే అమ్మమ్మ మమ్మల్ని చూడవచ్చింది. "ఇగో, స్వతంత్రం! తీస్కపో" అంటూ జెండా ఇచ్చాను. ఆమె గబగబా మడిచి రవికెలో దాచుకుంది.

నైజాం పోయేదాకా, ఏడాదికి పైగా, అది బియ్యం కుండ అడుగునే ఉందట. అన్నాళ్ళూ అన్నం మోదుగపూల వాసన వేసిందట.