మూడు వేల మీటర్లు, మూడు గంటల పేపరు

ఆ రోజుల్లో షార్జాలో పెరిగిన మాబోటి పిల్లలకు పన్నెండో తరగతి అంటే ఇంట్లో టీవీ కేబుల్ పీకేసే సంవత్సరం. చదువు మీద తప్ప మరోదాని మీద ధ్యాస ఉన్నవాణ్ని పక్క ఫ్లాటువాళ్లు కూడా జాలిగా చూసేవారు. నాకు ఆ ధ్యాస దండిగా ఉండేది. స్కూలు తరఫున మూడు వేల మీటర్లు పరిగెత్తేవాణ్ని. (మొదట్లో నన్ను ఎంపిక చేసింది నా వేగం చూసి కాదు. అంత దూరం పరిగెత్తడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.) ఇటు చూస్తే ఇంజనీరింగ్ ఎంట్రన్సు. ఉన్నది ఒకటే సాయంత్రం. దాన్ని రెండు చేసింది మా అమ్మ.

అమ్మ చదివింది బి.ఏ. చరిత్ర. అయినా నా కెమిస్ట్రీ అంతా ఒక నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకుని, మా బిల్డింగు ఎదుట పార్కులో బెంచీ మీద కూర్చునేది. నేను తన ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగేది, ఒక చుట్టు తిరిగొచ్చేలోగా నేను జవాబు ఆలోచించుకోవాలి. చిక్కల్లా ఆల్కహాల్ పాఠంతో వచ్చింది. మద్యం నిషేధమైన షార్జాలో, నలుగురూ నడిచే పార్కులో ఆ మాట గట్టిగా అనడానికి అమ్మకు నోరు రాలేదు. "అదీ, యాసిడ్డూ కలిపితే ఏమొస్తుందిరా?" అనేది. నేను "ఎస్టర్" అని అరిచేవాణ్ని. రోజూ అక్కడ నడిచే పఠాన్ పెద్దాయన ఎస్టర్ నా పేరనుకున్నాడు. ఎదురైనప్పుడల్లా, "యల్లా ఎస్టర్" అని ఉత్సాహపరిచేవాడు.

రెండు వేల ఐదు జనవరిలో అసలు గండం వచ్చింది. జెబెల్ అలీలో ఇంజనీరుగా పనిచేసే కరీంనగర్ సారొకాయన శుక్రవారాలు తన ఫ్లాట్లో మాకు లెక్కలు చెప్పేవారు. టైమైపోగానే "ఖలాస్" అంటూ పేపరు లాగేసుకోవడం వల్ల ఆయనకు ఖలాస్ సారు అని పేరు. ఎంట్రన్సు బ్యాచీకి పదిమందిని తేల్చే పరీక్ష ఆయన ఏ శుక్రవారం పెట్టారో, స్కూళ్ల పోటీల్లో నా ఫైనలూ ఆ ఉదయమే పడింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"ఉరుకుడో సదువుడో, ఒక్కటే పట్టుకోమనుండ్రి అమ్మా. రెండు నడువయి" అన్నారాయన.

"ఏది మానిపించినా రెండోది కూడా సరిగ్గా చెయ్యడండి వాడు. రోజూ చూస్తున్నానుగా" అంది అమ్మ.

చివరికి ఆయన, పదిన్నరకు వస్తే వేరే పేపరు ఇస్తానని, అది మరీ కష్టంగా ఉంటుందని చెప్పారు.

ఫైనల్లో ఆఖరి చుట్టుకి నేను అయిదోవాణ్ని. ఊపిరి అందడం లేదు. స్టాండు ముందుకు రాగానే, కంగారులో అమ్మ తన మర్యాద మర్చిపోయింది. "ఆల్కహాలూ యాసిడ్డూ కలిపితే ఏంట్రా?" అన్న కేక స్టేడియమంతా వినబడింది. నా కాళ్లకు అలవాటైన గొంతు అది. జవాబు అరిచేంత ఊపిరి ఎక్కడిదో గాని, అరిచాను. ముందున్న కుర్రాడు తననే ఏదో అన్నాననుకుని వెనక్కి తిరిగాడు. ఆ సందులో వాణ్ని దాటి, గీత దగ్గర ఇంకొకణ్ని దాటి మూడోవాణ్నయ్యాను.

నిక్కరుతోనే, చొక్కాకి నంబరు ఉండగానే నన్నూ అమ్మనూ నాన్న కారులో సారు ఇంటికి చేర్చారు. భోజనాల బల్ల మీద సారు పేపరు పెట్టారు. అరగంట కాకుండానే పిక్క పట్టేసి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ బల్ల కిందికి దూరి పిక్క నొక్కడం మొదలుపెట్టింది. సారు వంగి చూసి, "జవాబులు చెప్పొద్దమ్మా" అన్నారు.

"నాకు కాళ్లు నొక్కడమే వచ్చండి, లెక్కలు రావు" అంది అమ్మ కిందినుంచి.

ఖలాస్ సారు నవ్వగా చూడటం నాకదే మొదలు. ఆ మూడు గంటల్లో అమ్మ నాలుగుసార్లు బల్ల కిందికి వెళ్లింది. పదిమందిలో నేను తొమ్మిదోవాణ్నయ్యాను. ఆ ఏడు ఎంట్రన్సులో సీటూ వచ్చింది.

పేపరు ఇచ్చేశాక సారు మెడల్ వేసుకోమని ఒక ఫోటో తీశారు. సరిగ్గా అప్పుడే పిక్క మళ్లీ పట్టేసింది. అందుకని ఫోటోలో నేనొక్కణ్నే ఉన్నాను, చెమట కారుతూ, ఛాతీ విరుచుకుని. ఇంటికి వచ్చినవాళ్లు అది చూసి, "రెండూ ఎలా చేశారండీ?" అని అడుగుతారు. ఆ పదిహేడేళ్ల మొహం చూస్తే, అంతా తనే చేశానని వాడెంత గట్టిగా నమ్ముతున్నాడో తెలిసిపోతుంది. వాణ్ని చూసి నవ్వుకుంటాను. ఆ తర్వాత, ఫోటోలో బల్ల అంచు కింద చీకటిగా ఉన్నచోట వేలు పెట్టి, "మా అమ్మ ఇక్కడుంది" అని చూపిస్తాను.