హంపీలో వెనక్కి తిరిగిన జట్టు

2023 నవంబరు. గోదావరిఖనిలో నా ట్రావెల్స్ ఆఫీసు. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక టేబులు, గోడకు ఇండియా మ్యాపు, వచ్చినవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన మిర్చి బజ్జీల బండి. ఆ బండి నూనె వాసన లేకుండా మా దగ్గర ఏ యాత్రా ఖాయం కాదు.

మా ఊళ్లో యాత్ర అనగానే తిరుపతి, షిరిడీ, కాశీ అంటారు. బొగ్గు గనుల ఊరు కాబట్టి ముందు రోజు కుదరడమే పెద్ద పని. అన్న ఫస్టు షిఫ్టులో ఉంటే బావ నైట్ షిఫ్టులో ఉంటాడు. రోజు కుదిరాక ఐటినరరీ తయారుచేస్తాను. అంటే ఏ వేళకు ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్న ప్రయాణ పట్టిక. టైము విషయంలో నేను పరమ గయ్యాళిని. బస్సు కదిలే వేళకు రాకపోతే వసంత సొంత మొగుణ్ణయినా వదిలేసి పోతుందని మా ఊళ్లో పేరు. ఆ పేరు అబద్ధమేమీ కాదు, ఒకసారి నిజంగానే వదిలేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఓదెలు కాక వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు. గనుల్లో రెస్క్యూ టీమ్‌కు చాలా ఏళ్లు కెప్టెన్‌గా చేసి రిటైరయ్యాడు.

"బిడ్డా, హంపి పోవాలె. మా టీమోళ్ళం ఆరుగురం, మా ఇండ్లోళ్ళు ఆరుగురు."

"హంపిల ఏం మొక్కున్నది కాకా?"

"మొక్కు లేదు, ఏం లేదు. రాజధాని సూడాలె. నది ఒడ్డుకు, గా బండల నడుమ గంత పెద్ద పట్నం ఎట్ల కట్టిన్రో సూడాలె. గంతే."

నాకు ప్రాణం లేచి వచ్చింది. విజయనగర రాజుల ఊరంటే నాకు మహా ఇష్టం. ఇన్నేళ్లలో మా ఊరి నుంచి హంపి పేరెత్తి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకు కలిగింది ఈ కోరిక అని అడిగితే చెప్పాడు. వాళ్లు పనిచేసిన రోజుల్లో ఎవరో ఒక క్యాలెండర్ తెచ్చి డ్యూటీ గదిలో తగిలించారు. దాని మీద హంపి రాతి రథం బొమ్మ. రాజలింగం అనే సహచరుడు రోజూ దాని ముందు నిలబడి, ఒక్కసారి దీన్ని కళ్లారా చూడాలి అనేవాడు. అందరూ కలిసే వెళ్దామని, చివరివాడు రిటైరయ్యేదాకా ఎవరూ వెళ్లవద్దని అనుకున్నారు. ఆ చివరివాడు పోశం. ఈమధ్యే రిటైరయ్యాడు. అందరికన్నా ముందు రిటైరైనవాడు రాజలింగమే.

ఇక్కడ రెస్క్యూ టీమ్ అంటే ఏమిటో చెప్పాలి. గనిలో మంట పుట్టినా, విషవాయువు నిండినా, లోపల చిక్కుకున్నవాళ్లను తేవడానికి దిగేది వీళ్లు. వీపున బ్రీతింగ్ ఆపరేటస్ కట్టుకుంటారు. బయటి గాలి పీల్చకుండా ఆక్సిజన్ ఇచ్చే పరికరం అది. జట్టుగా వెళ్తారు, జట్టుగానే వస్తారు. దారిలో కెప్టెన్ ఆగి ఒక్కొక్కరి క్షేమం కనుక్కుంటాడు. ఎవరికైనా ఒక్కడికి ఇబ్బందయితే మిగతావాళ్లు ముందుకు పోరు. జట్టు మొత్తం వెనక్కి తిరుగుతుంది.

మర్నాడు రాజలింగం కాక ఒక్కడే వచ్చాడు. మా గుమ్మం రెండు మెట్లెక్కి కాసేపు మాట్లాడలేకపోయాడు. బక్కపలచని మనిషి, గుండెలు ఎగసిపడుతున్నాయి.

"బిడ్డా, నా పేరు తీసెయ్. దవాఖానోళ్ళు వద్దన్నరని ఓదెలన్నకు నువ్వే చెప్పు."

"నిజంగ వద్దన్నరా కాకా?"

"అనలే. మెల్లగ తిరుగుమన్నరు. కాని నాలుగడుగులేస్తె నాకు దమ్ము వస్తది. నేను యాడ ఆగితే ఆడ అందరు ఆగుతరు. ఎరుకే కదా వాళ్ళ సంగతి? అందరం కల్సి సూడాలెనని ఇన్నేండ్లు ఆగిన్రు. ఇగ ఆడికి పోయినంక సుత నా మూలంగ ఏం సూడకుంట వస్తే, నేను మొకం ఎట్ల సూపియ్యాలె?"

సాయంత్రం ఆయన భార్య కనకమ్మ వచ్చింది. కోపంగా వచ్చి, కూర్చున్నాక ఏడ్చింది. "ఆయన మాట పట్టుకోకు బిడ్డా. గా రథం సూడకుంటనే పోతనేమోనని నిద్రల సుత అంటున్నడు. ఎట్లన్న జేసి తీస్కపో."

అలా ఆ బుకింగ్ నా మెడకు చుట్టుకుంది. నేను తెలివిగా ఒక ప్లాన్ వేశాను. ఓపిక ఉన్నవాళ్లు మాతంగ కొండ ఎక్కి సూర్యోదయం చూస్తారు. ఓపిక లేనివాళ్లు కింద విశ్రాంతి తీసుకుంటారు. మా వృత్తిలో దీన్ని ఆప్షనల్ అంటాం, ఇష్టమైతేనే అన్నమాట. ఓదెలు కాకకు చదివి వినిపించాను.

"కొందరు మీద, కొందరు కింద. గంతేనా?"

"అవు కాకా. ఎవరిష్టం వాళ్ళది."

"గట్ల కుదరదు బిడ్డా. రాజలింగం యాడ్దాక పోతడో మేం ఆడ్దాకనే. మళ్ళ రాసుకో."

నాకు ఒళ్లు మండింది. అంత దూరం పోయి ఒక మనిషి ఊపిరిని బట్టి తిరగడం ఏమిటి? కానీ ఆయన అప్పటికే లేచి బజ్జీల బండి దగ్గరికి వెళ్లిపోయాడు, మాట అయిపోయినట్టు.

దాంతో ముందుగా నేనొక్కదాన్నే హంపికి వెళ్లి రెక్కీ చేశాను. జనాన్ని తీసుకెళ్లే ముందు దారి చూసుకురావడాన్ని రెక్కీ అంటాం. హంపి నాకు కొత్త కాదు. కానీ అంతకుముందు ఎప్పుడూ టైము చూసుకుంటూ తిరిగాను. ఈసారి రాజలింగం కాకలా నడిచాను. నాలుగు అడుగులు వేయడం, ఆగడం, కూర్చోవడానికి చోటు వెతకడం.

చోటు వెతకాల్సిన పనే లేకపోయింది! విరూపాక్షుడి గుడి ముందు వీధి పొడవునా రెండు పక్కలా రాతి స్తంభాల మంటపాలు. ఒకప్పుడు అక్కడ రత్నాలు రాశులు పోసి అమ్మారని గైడ్లు చెప్తారు. తుంగభద్ర పక్కన నడిచే బాటలో ఎక్కడికక్కడ మంటపం, దానికి చల్లటి అరుగు. హేమకూటం గుట్ట మీద కూడా కాస్త కాస్త దూరానికి చిన్న గుళ్లు, వాటి నీడ. ఎండలో మనిషి ఎక్కడ అలసిపోతాడో ఎరిగినవాళ్లు కట్టిన నగరం అది. ఎన్నిసార్లు వచ్చినా గోపురాలనే చూశాను కానీ ఆ అరుగుల మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు ఒక్కో అరుగు మీదా కూర్చుని, అరుగు నుంచి అరుగుకు ఐటినరరీ రాసుకున్నాను. మాతంగ కొండను కొట్టేశాను.

రాజలింగం కాకను ఒప్పించడానికి ఓదెలు కాకను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లాను. మంటపాల సంగతి నేను చెప్పాను. ఓదెలు కాక ఒక్కటే చెప్పాడు: "అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పు. గది చాలు నాకు."

వెళ్లాం. మొదటి రోజు ఎంత బాగా గడిచిందో చెప్పలేను. ఓదెలు కాక ముందు, ఆయన వెనకే రాజలింగం కాక, తర్వాత మిగతావాళ్లు. మంటపం వచ్చినప్పుడల్లా ఆగడం. కెప్టెన్ ఒక్కొక్కరి ముఖంలోకి చూసి "ఠీకేనా?" అనడం, వాళ్లు "ఠీక్" అనడం. అడిగితే కనకమ్మ చిన్నమ్మ కూడా "ఠీక్" అనడం నేర్చుకుంది. ఏనుగుశాల గుమ్మటాల కింద పోశం కాక నోరు తెరిచాడు: "ఏనుగులకు గింత మంచి క్వార్టర్లా! నేను ఏనుగునన్న కాకపోతి!" సాయంత్రానికి, చెప్తే నమ్మరు, హేమకూటం పైకి కూడా చేరుకున్నాం. కింద విరూపాక్ష గోపురం, పడమట కొండలు, ఆ కొండల్లో మునుగుతున్న సూర్యుడు. గుట్టంతా బంగారు రంగు. రాజలింగం కాక చిన్న గుడి గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. జీవితమంతా నేల కింద పనిచేసిన మనుషులు ఆకాశాన్ని అంత తీరిగ్గా చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

రెండో రోజు పుట్టి ఎక్కి తుంగభద్ర మీద తిరిగి, మధ్యాహ్నం దాటాక విఠలుడి గుడికి బయలుదేరాం. రథం ఉన్నది అక్కడే. చివరికి పెట్టింది కూడా అందుకే. బండ్లు ఆపేచోటి నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు ఉంటాయి. ఆ రోజు రద్దీ బాగా ఉంది. అందరికీ కలిపి చోటు దొరికేదాకా, కొద్ది ఖాళీతో వచ్చిన బండ్లను మావాళ్లు వదిలేశారు, విడిపోయి ఎక్కలేదు. దారంతా ఎర్ర దుమ్ము. దిగేసరికి రాజలింగం కాక ముఖం పాలిపోయింది.

గోపురం ముందుకు వచ్చాం. గోపుర ద్వారంలోంచి లోపల ప్రాంగణం, అందులో రాతి రథం కనిపిస్తోంది. ఓదెలు కాక ఆగాడు.

"ఠీకేనా?"

"ఠీక్," "ఠీక్," అంటూ వచ్చింది వరుస. రాజలింగం కాక ద్వారంలోంచి రథం వైపు చూశాడు. ఒక్క మాట అబద్ధం ఆడితే చాలు, లోపలికి వెళ్లిపోవచ్చు. ఆయనకు అది తెలుసు, మా అందరికీ తెలుసు.

"లేదు కెప్టెన్," అన్నాడు. "దమ్ము ఆడ్తలేదు."

"ఎనుకకు," అన్నాడు ఓదెలు కాక.

అంతే. ఒక్కడు కూడా లోపలికి తొంగి చూడలేదు. వెనక్కి తిరిగి, బయట ఉన్న మంటపం వైపు నడవసాగారు. ఇన్నేళ్లు ఎదురుచూసింది కళ్ల ముందు పెట్టుకుని వెనక్కి తిరిగారు. నేను ఉండబట్టలేకపోయాను.

"ఏంది కాకా ఇది! ఆయన కాడ నేను కూసుంట. మీరు జల్ది పోయి సూసి రాండ్రి. ఇంకొంచెమైతే గేటు మూస్తరు, పొద్దుగాల మనం ఇంటికి పోవాలె!"

"సూస్తే అందరం సూస్తం. లేకుంటే లేదు. నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా."

కనకమ్మ చిన్నమ్మ సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి పీల్పించింది. మిగతావాళ్లు గాలి ఆడేలా దూరం జరిగి చుట్టూ కూర్చున్నారు. గనిలో మంచి గాలి ఉండే చివరి చోటును ఫ్రెష్ ఎయిర్ బేస్ అంటారట. "మన ఫ్రెష్ ఎయిర్ బేస్ గిదేనే!" అని పోశం కాక ఆ అరుగు మీద కాళ్లు చాపాడు. రాజలింగం కాకకు ఊపిరి కుదుటపడింది కానీ ఏడుపు ఆగలేదు.

"నా మూలంగనే అన్నా..."

"ఊకో. ఉన్నదున్నట్టు చెప్పినవ్. బాయిల ఎవడన్న అబద్ధం చెప్తెనే అందరు ఆగమయ్యేది," అన్నాడు ఓదెలు కాక. బాయి అంటే మా ఊళ్లో గని. ఎవరి ముఖంలోనూ చిన్నబోయిన గుర్తు లేదు. కసరడానికి వచ్చిన నేను వెళ్లి ఆ అరుగు చివర కూర్చున్నాను.

గేటు మూశారు. నేను ఫోను తీసి డ్రైవర్‌కు, లాడ్జికి చెప్పాను. ప్రతి ఐటినరరీలో దారిలో టైరు పేలినా, ట్రాఫిక్ ఆగినా పనికొస్తుందని కొంత ఖాళీ సమయం దాచిపెడతాను. దాన్ని బఫర్ అంటాం. ప్రాణం పోయినా దాన్ని ఎవరికీ ఇవ్వను. ఆ రోజు మొత్తం తీసి వాళ్లకిచ్చేశాను.

మర్నాడు గేటు తీసే వేళకు అక్కడున్నాం. దుమ్ము లేదు, జనం లేరు, గాలి చల్లగా ఉంది. ఓదెలు కాక అడిగాడు. ఈసారి వరుసంతా "ఠీక్" అంది, రాజలింగం కాకతో సహా. అందరం ద్వారం దాటాం. లేత ఎండలో రథం నిలబడి ఉంది. చక్రాల మీద ఆ పువ్వులు, ముందు ఆ ఏనుగులు, రాయిని వెన్నలా మలిచిన ఆ చేతులు ఎవరివో! రాజలింగం కాక దాని చుట్టూ మెల్లగా తిరిగాడు, జట్టంతా ఆయన వెనకే తిరిగింది. "బొమ్మల గింత గొప్పగ లేకుండె," అన్నాడు.

ఆ తర్వాత నా ఐటినరరీల్లో ఆప్షనల్ అన్న మాట రాయడం మానేశాను. ఏ గుంపు వచ్చినా, ఏమేం చూస్తారు అని అడిగే ముందు, మీలో అందరికన్నా మెల్లగా నడిచేది ఎవరని అడుగుతాను. ఎవరో ఒకరు సిగ్గుపడుతూ చెయ్యెత్తుతారు. వాళ్లను నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ప్లాన్ మొదలుపెడతాను. నా పనికి ఆ బుకింగ్ నేర్పింది ఇది.

దీనికన్నా పెద్ద సంగతి ఆ ఉదయం కనకమ్మ చిన్నమ్మ చెప్పింది. మగవాళ్లంతా రథం దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె వచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుని, వాళ్లనే చూస్తూ అంది:

"బిడ్డా, రెస్క్యూకు పిలుపొచ్చి ఆయన బాయిల దిగిండంటే, మళ్ళ ఇంటికొచ్చేదాక నేను బువ్వ ముట్టకపోతుంటి. గా చీకట్ల ఒక్కడే ఏమైతడో అని. ఎసొంటోళ్ళతోని దిగుతుండెనో నిన్న గేటు కాడ సూసిన. గిది అప్పుడే ఎరుకైతే, గన్ని పూటలు పస్తులుండకపోదును."